క్విక్ వాష్ నిజంగా ఉతుకుతుందా, తడిపి పిండి ఇస్తుందా?

మూడో అంతస్తు (నిజాంపేట):

మాది 7 కేజీల ఫ్రంట్ లోడ్, కొని రెండున్నరేళ్ళయింది. ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్ళమే, బాబు యూకేజీ, ఆర్నెల్లుగా అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున్న ఆరింటికి మెషిన్ వేసి, టిఫిన్ డబ్బాలు సర్దేలోపు అది ఆగితే బట్టలు ఆరేసి పరిగెత్తాలి. అందుకని మొదటి రోజు నుంచీ 15 నిమిషాల క్విక్ వాష్ తప్ప ఇంకోటి తిప్పిన పాపాన పోలేదు. ఆ డయల్ చుట్టూ ఇంకా బోలెడు పేర్లున్నాయి, చదవను కూడా లేదు.

మొన్న ఆదివారం అత్తయ్యగారు దండెం మీంచి దిండు గలీబు తీసి మడత పెట్టబోయి, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఏమ్మా, ఇది ఉతికిందేనా, నీళ్ళు చూపించి తెచ్చిందా?" అన్నారు. నాకు చిర్రెత్తింది. కానీ వాసన చూస్తే పైకి కండిషనర్ పూల వాసన, కొంచెం గట్టిగా పీలిస్తే దాని కింద కొబ్బరినూనె, అదీ ఎప్పటిదో పాతది. నోరు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి కనిపించిన ప్రతి బట్టా వాసన చూస్తున్నాను, పిచ్చి పట్టినట్టుంది. తువ్వాళ్ళు ఆరినప్పుడు బాగానే ఉంటాయి, తడి తగలగానే ముక్కిన వాసన. మావారి చొక్కా కాలర్ లోపలి గీత పోవట్లేదు. బాబు సాక్సుల సంగతి ఇక్కడ రాయను.

15 నిమిషాల్లో మురికి పోతుందా పోదా? పోకపోతే కంపెనీ వాళ్ళు ఆ బటన్ ఎందుకు పెట్టినట్టు? పొద్దున్నే రెండు గంటల ప్రోగ్రాం వేసుకునే టైం ఎవరికుందండీ?

బ్యాచిలర్ బట్టలు (గచ్చిబౌలి):

అక్కా, అత్తగారి మాట పట్టించుకోవద్దు. నేను మూడేళ్ళుగా క్విక్ వాషే. పొద్దున ఏసీ క్యాబ్, పగలంతా ఏసీ ఆఫీసు, సాయంత్రం మళ్ళీ ఏసీ క్యాబ్, అసలు మురికి ఎక్కడి నుంచి వస్తుంది? మనమేమన్నా పొలం దున్నుతున్నామా? ఒకసారి వేసుకున్న టీషర్టుకి రెండు గంటల వాష్ అంటే నీళ్ళూ కరెంటూ దండగ, బట్ట కూడా తొందరగా పల్చబడుతుంది. వాసన వస్తుందంటే మీరు బట్టలు మెషిన్‌లోనే వదిలేస్తున్నారేమో చూడండి.

పానా పట్టిన చెయ్యి (రాజమండ్రి):

నేను సర్వీసు పనిలో 18 ఏళ్ళుగా ఉన్నానండి. పై తమ్ముడు చెప్పింది అతని బట్టల వరకూ నిజమే. మీ ఇంటి బట్టలకి పనికిరాదు. ఎందుకో చెబుతాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

15 నిమిషాలు అని డిస్‌ప్లే మీద పడుతుంది కదా, అందరూ పావుగంట ఉతుకుతుందనుకుంటారు. నీళ్ళు ఎక్కడానికి రెండు నిమిషాలు, తర్వాత ఒక నీళ్ళు పారబోయడం, మళ్ళీ ఎక్కించడం, జాడించడం, మళ్ళీ పారబోయడం, చివర గట్టిగా పిండడం. ఇవన్నీ తీసేస్తే సబ్బునీళ్ళలో బట్టలు దొర్లేది ఒక ఐదు నిమిషాలుంటే గొప్ప. మోడల్‌ని బట్టి అటూ ఇటూ ఉంటుంది గానీ లెక్క ఇదే. అదే కాటన్ ప్రోగ్రాంలో సబ్బునీళ్ళలోనే ముప్పావు గంట, గంట తిరుగుతుంది, జాడించడం కూడా రెండు మూడుసార్లు.

రెండోది, మీ మెషిన్‌తో పాటు వచ్చిన పుస్తకం తీయండి (బీరువా పైన కవర్లోనే ఉంటుంది, ఎవరూ విప్పరు). ప్రోగ్రాముల పట్టికలో క్విక్ వాష్ ఎదురుగా ఎన్ని కేజీలని ఉందో చూడండి. 7 కేజీల మెషిన్ అంటే కాటన్ ప్రోగ్రాంలో 7 కేజీలు. క్విక్‌లో చాలావాటికి 2 కేజీలే రాసి ఉంటుంది. 2 కేజీలంటే ఎంత? ఒక జీన్సు, మూడు చొక్కాలు, నాలుగు లోపలి బట్టలు, అంతే. నేను వెళ్ళిన ఇళ్ళల్లో డ్రమ్ము తలుపు దాకా కుక్కి క్విక్ నొక్కుతారు. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు పైకి లేచి కింద పడితేనే ఉతికినట్టు, మన బండ మీద బాదుడు లాంటిదే అది. ఖాళీ లేకపోతే ఎక్కడ పడతాయండీ? ముద్దగా చుట్టూ తిరిగి వస్తాయి. మధ్యలో ఉన్న చొక్కాకి ఒక్కోసారి సబ్బే తగలదు.

మీకు తువ్వాళ్ళ వాసన అన్నారు కాబట్టి ఇంకో మాట. తలుపు దగ్గర బూడిద రంగు రబ్బరు ఉంటుంది, దాని మడత వేలితో విప్పి లోపల చూడండి. నల్లగా జారుడుగా ఉంటే చల్లనీళ్ళ క్విక్ వాష్ పుణ్యమే అది. సబ్బు పూర్తిగా కరగదు, జిడ్డు పూర్తిగా పోదు, రెండూ కలిసి డ్రమ్ము వెనక పేరుకుంటాయి. డ్రమ్ము వెనకాల స్పైడర్ అని మూడు కాళ్ళ అల్యూమినియం ముక్క ఉంటుంది, ఆ జిడ్డు దాన్ని తినేసి విరగ్గొట్టిన మెషిన్లు విప్పాను. అప్పుడయ్యే ఖర్చుకి చాలామంది కొత్త మెషిన్ వైపు చూస్తారు.

పెరటి బండ (గుడివాడ):

నా దగ్గర ఇప్పటికీ సెమీ ఆటోమేటిక్కే అమ్మా. నవ్వుకోకండి. దాని ఉతుకు టైమరు కూడా 15 నిమిషాలే, అయినా మా ఇంట్లో కాలర్లు తెల్లగా ఉంటాయి. ఎలాగంటారా, ముందు అరగంట నానబెడతాను కాబట్టి. రాత్రి పడుకునే ముందు బకెట్‌లో వేసేస్తే ఇంకా మంచిది (పట్టుబట్టలు, రంగు దిగేవి మాత్రం వద్దు). మీ మెషిన్ ఆ నానబెట్టే పని ఎగ్గొట్టి టైం మిగిల్చానంటోంది, అంతే తేడా.

కాలర్ గీతకి మెషిన్ మీద ఆశ పెట్టుకోకండి. చొక్కా విప్పి తగిలించేటప్పుడే కాలర్ తడిపి, బట్టల సబ్బు బిళ్ళ నాలుగుసార్లు రుద్ది పక్కన పెట్టండి. పొద్దున్నకి జిడ్డు ఊడి ఉంటుంది. ఆ తర్వాత క్విక్ అయినా పోతుంది.

పిల్లాడు పప్పు కలిపిన చేతులు చొక్కాకి తుడుచుకుంటాడు కదా, ఆ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా అవుతుంది. మా కోడలు మొదటిసారి అది చూసి బట్ట పాడైందని గోల. పసుపుకి సబ్బులో ఉండే క్షారం తగిలితే ఆ రంగే వస్తుంది, నీళ్ళు పోస్తే మళ్ళీ పసుపు. సబ్బుతో జిడ్డు వదిలించి తడిగా ఎండలో వేయండి, సాయంత్రానికి మరక ఎండే తినేస్తుంది. మెషిన్‌లో రెండు గంటలు తిప్పినా ఎండ చేసే పని చేయదు.

ఆవకాయ మరక మాత్రం నూనె మరక, దానికి ముందు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క.

స్టుట్‌గార్ట్ చలి (జర్మనీ):

ఇక్కడ మా కష్టం ఇంకోలా ఉంది. మా మెషిన్‌లో ఎకో 40-60 అని ఒక ప్రోగ్రాం ఉంది, 2021 మార్చి నుంచి వచ్చిన కొత్త యూరప్ ఎనర్జీ లేబుల్ లెక్కంతా దాని మీదే. అది తిరగడానికి మూడు గంటల పైనే. వచ్చిన కొత్తలో మెషిన్ చెడిపోయిందనుకుని ఓనర్‌కి ఫోన్ చేశాను, ఆవిడ నవ్వింది.

తర్వాత చదివితే అర్థమైంది. హెర్బర్ట్ సిన్నర్ అని ఒక జర్మన్ కెమిస్టు 1959లో ఒక చక్రం గీశాడు. ఉతకడానికి నాలుగు కావాలి: టైం, వేడి, సబ్బు, రాపిడి. ఒకటి తగ్గిస్తే మిగతావాటితో పూడ్చాలి. ఎకో వాడు వేడి తగ్గించి టైం పెంచాడు. క్విక్ వాడు టైం తగ్గించాడు, వేడి కూడా చాలావాటిలో 20, 30 డిగ్రీలే, ఇక మిగిలింది సబ్బూ రాపిడీ. అందుకే కొంచెం బట్టలు, కొంచెం మురికి ఉన్నప్పుడే లెక్క సరిపోతుంది. గుడివాడ అమ్మ చేసేదీ ఇదే, నానబెట్టి టైం కలుపుతున్నారు, కాలర్ రుద్ది రాపిడి కలుపుతున్నారు. జర్మన్ కెమిస్టుకంటే ముందు నుంచీ తెలిసిన విషయమే మన పెరట్లో.

పౌడర్లలో, లిక్విడ్లలో ఎంజైములుంటాయి కదా, ఒకటి పాల మరకలాంటివి తెంచుతుంది, ఇంకోటి అన్నం గంజి, ఇంకోటి నూనె. అవి నమిలి తినేవాటి లాంటివి, నోట్లో పెట్టిన ఐదు నిమిషాలకే లాగేస్తే ఏం తింటాయి.

బ్యాచిలర్ బట్టలు:

వేడినీళ్ళు వేడినీళ్ళు అంటున్నారు, మెషిన్ లోపలి హీటర్ 2000 వాట్లు. కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మీటరు రీడింగు (హనుమకొండ):

బాబూ, 2000 వాట్లని భయపెట్టకు, అది ఎంతసేపు వెలుగుతుందో చూడాలి. ఉతికే నీళ్ళు 15 లీటర్లు అనుకుందాం, కుళాయిలో 27 డిగ్రీలు. 40కి తేవాలంటే పావు యూనిట్ కంటే తక్కువ. 60కి తేవాలంటే 0.6 యూనిట్లకి కాస్త తక్కువ, బట్టలూ డ్రమ్మూ వేడెక్కడానికి ఇంకొంచెం కలుపుకో. దిండు గలీబులు, తువ్వాళ్ళు, దుప్పట్లు వారానికి ఒకసారి 60లో వేస్తే నెలకి మూడు యూనిట్లు. ఒక గది ఏసీ రెండు మూడు గంటలు నడిస్తే అయిపోయే కరెంటు.

నువ్వు చెప్పిన దాంట్లో ఒకటి ఒప్పుకుంటాను, చల్లనీళ్ళ క్విక్‌కి కరెంటు దాదాపు మోటారుకే. కానీ 2 కేజీల చొప్పున నాలుగుసార్లు వేస్తే నీళ్ళు? ఒక్కసారి 7 కేజీలు వేసిన దానికంటే చాలా ఎక్కువ పోతాయి.

అన్నట్టు మే నెలలో మధ్యాహ్నం పూట డాబా మీద ట్యాంకు నీళ్ళు చేతికి చుర్రుమంటాయి. ఆ టైంలో వేస్తే హీటర్ లేకుండానే వెచ్చటి నీళ్ళ వాష్. మా ఆవిడ ఎండాకాలం దుప్పట్లన్నీ మధ్యాహ్నం రెండింటికే వేస్తుంది, నేను చెప్పింది కాదు, తనే కనిపెట్టింది.

స్టుట్‌గార్ట్ చలి:

ఈ మాట చదివి ఏడుపొచ్చింది. ఇక్కడ శీతాకాలం కుళాయి నీళ్ళలో చేయి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి.

మూడో అంతస్తు:

అందరికీ థాంక్స్. పుస్తకం దొరికింది. క్విక్ 15 ఎదురుగా 2 కేజీలు అని ఉంది. నేను రోజూ వేసేది తూకం మెషిన్ మీద పెట్టి చూస్తే ఐదున్నర! రబ్బరు మడత కూడా విప్పాను. అందులో బాబు సాక్సు ఒకటి, రెండు రూపాయల బిళ్ళ, మిగతాది వర్ణించను.

ఇంకో పని చేశాను. క్విక్‌లో ఉతికి ఆరేసి మడత పెట్టిన దిండు గలీబులు నాలుగు, అంటే మా లెక్కలో శుభ్రమైనవి, బకెట్‌లో గీజరు వేడినీళ్ళు పట్టి, లిక్విడ్ ఒక మూత వేసి నానబెట్టాను. అరగంట తర్వాత మూత తీసి చూస్తే నీళ్ళు టీ గిన్నె కడిగిన నీళ్ళ రంగులో ఉన్నాయి. పైన అక్కడక్కడా నూనె తెట్టు, వెలుతురులో పెడితే ఇంద్రధనుస్సు రంగులు. మేం తల పెట్టుకుని పడుకునేవి అవి. అత్తయ్యగారు పక్కనే నిలబడి చూశారు, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బ్యాచిలర్ బట్టలు:

అక్కా అది గలీబు రంగు దిగడం ఎందుకు కాకూడదు? కొత్త గలీబు కూడా పెట్టి చూశారా?

మూడో అంతస్తు:

నువ్వు అడుగుతావని తెలుసు. బీరువాలో అదే సెట్టులో వాడని గలీబు ఒకటుంది, పక్క బకెట్‌లో దాన్నీ నానబెట్టాను. నీళ్ళు కొంచెం తెల్లబడ్డాయి, గంజి అనుకుంటా. టీ రంగు మాత్రం లేదు. ఇంకేమైనా ఉందా తమ్ముడూ?

బ్యాచిలర్ బట్టలు:

లేదు. నా దిండు గలీబు నానబెట్టి వస్తాను.

పెరటి బండ:

😄 వెళ్ళు నాయనా.

పానా పట్టిన చెయ్యి:

ఇప్పుడు ఏది దేనికో చెబుతాను. క్విక్ వాష్‌ని మరీ తిట్టకండి, దాని పని దానికుంది. ఒక్కపూట వేసుకుని చెమట పట్టిన బట్టలు, చెమటలోని ఉప్పు మామూలు నీళ్ళకే పోతుంది. పెళ్ళికి ఒకసారి కట్టి తీసిన కాటన్ డ్రెస్సు. బీరువాలో ఉండి ముక్కిన బట్ట. రంగు దిగే కలంకారీ లాంటివి విడిగా వేయాలంటే తక్కువసేపు చల్లనీళ్ళే మంచిది, రెండు గంటలు తిప్పితే బట్టకీ నష్టం, పక్క బట్టకీ నష్టం. జిమ్ టీషర్టులు మాత్రం చూడ్డానికి చెమటే గానీ పాలిస్టర్‌కి ఒంటి నూనె పట్టుకుంటే వదలదు, వాటిని బ్యాగులో రెండు రోజులు మాగబెట్టకుండా వచ్చిన వెంటనే వేస్తే క్విక్ కొంత పనిచేస్తుంది.

తువ్వాళ్ళు, దిండు గలీబులు, దుప్పట్లు, లోపలి బట్టలు, సాక్సులు క్విక్‌లో వేయొద్దు. వీటికి కాటన్, 60 డిగ్రీలు, డ్రమ్ము పైన మీ అరచేయి నిలువుగా పట్టేంత ఖాళీ. దుప్పట్లలో ఉండే కంటికి కనబడని పురుగులు కూడా 30 డిగ్రీలకి చావవు, 60కి చస్తాయి. రక్తం, పాలు మరకలుంటే ముందు చల్లనీళ్ళలో జాడించి తర్వాత వేయండి, నేరుగా వేడి తగిలితే పట్టేస్తాయి.

క్విక్ వేసినప్పుడు పౌడర్ కాకుండా లిక్విడ్ వాడండి, అదీ మామూలుగా వేసే దాంట్లో సగమే. ఎక్కువ వేస్తే ఒక్కసారి జాడించడంలో పోదు, నల్ల ప్యాంట్ల మీద తెల్ల చారలు అవే. చిన్నపిల్లల బట్టలకైతే ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ తప్పకుండా నొక్కండి. కండిషనర్ తువ్వాళ్ళకి మానేయండి, మెత్తగా ఉంటుంది గానీ నీళ్ళు పీల్చడం తగ్గుతుంది, మీ విషయంలో వాసన దాచిపెట్టింది కూడా అదే.

మీది బోరు నీళ్ళయితే ఇంకో సంగతి. ఉప్పు నీళ్ళలో సున్నం ఉంటుంది, సబ్బులో కొంత దానితో కలవడానికే ఖర్చవుతుంది, మిగిలిందే మురికి మీద పనిచేస్తుంది. వేడి చేసినప్పుడు హీటర్‌కి తెల్లగా పొర కడుతుంది, రెండు మూడు నెలలకోసారి డీస్కేలింగ్ పౌడర్‌తో ఖాళీగా తిప్పండి. రబ్బరు తుడిచి, ఉతుకు అయ్యాక తలుపు ఓరగా తెరిచి ఉంచండి.

పొద్దున్న టైం లేదన్నారు, మీ మెషిన్‌లో డిలే బటన్ ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు బట్టలు వేసి, ఆరింటికి అయిపోయేలా పెట్టుకోండి. లేవగానే ఆరేసుకోవడమే.

మూడో అంతస్తు:

డిలే పెట్టానండి నిన్న రాత్రి. తువ్వాళ్ళు, గలీబులు, 60 డిగ్రీలు, ఆరింటికి అయిపోవాలి అని. మూడున్నరకి మొదలైంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు వాచ్‌మన్ ఐదింటికి వేస్తాడు, అప్పటిదాకా పైన ట్యాంకు ఖాళీ. నీళ్ళు రాక మెషిన్ పీప్ పీప్ మని ఒకటే మోత, బాబు లేచాడు, కింద ఫ్లాట్ ఆయన తలుపు కొట్టాడు, అత్తయ్యగారు నిద్రకళ్ళతో వచ్చి "దొంగలా?" అన్నారు.

పానా పట్టిన చెయ్యి:

అయ్యో. అది తప్పేమీ కాదండి, నీళ్ళు అందకపోతే ఆగి అలారం కొడుతుంది, మెషిన్‌కి ఏమీ కాలేదు. తువ్వాళ్ళ పని రాత్రి ఎనిమిదింటికే వేసి పడుకునే ముందు ఆరేసేయండి.

మూడో అంతస్తు:

ఇవాళ అలాగే వేశాను. ఇప్పుడే తీసి బాల్కనీలో ఆరేశాం, ఇద్దరం కలిసి. అత్తయ్యగారు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, దండెం మీద వేసి క్లిప్పు పెట్టారు. చొక్కా కాలర్లు తెమ్మన్నారు, రుద్ది పెడతారట.